కొత్త స్టీరియో వేశాక స్టీరింగ్ బటన్లు తారుమారు: ఒక ఇన్నోవా కేసు

బండి 2013 టయోటా ఇన్నోవా, డీజిల్, స్టీరింగ్ మీద ఆడియో బటన్లు వచ్చే వేరియంట్. ఓనరే డ్రైవరు. విజయవాడ నుంచి ట్రిప్పులు వేస్తుంటాడు, ఎక్కువగా శ్రీశైలం, తిరుపతి. కంపెనీ సెట్‌లో టచ్ పోవడంతో ఒక షాపులో 9 అంగుళాల ఆండ్రాయిడ్ సెట్ వేయించుకున్నాడు. స్క్రీన్ బాగుంది, మ్యాప్ బాగుంది, రివర్స్ కెమెరా బాగుంది. ఇబ్బందంతా స్టీరింగ్ బటన్లతోనే. అసలు పనిచేయకపోతే కనెక్షన్ ఇవ్వలేదనుకుని ఇచ్చేస్తే సరిపోయేది. ఇవి పనిచేస్తున్నాయి, కానీ ఒకటి నొక్కితే ఇంకొకటి అవుతోంది, అదీ ఎప్పుడూ కాదు, అప్పుడప్పుడు. వెనక పాట కోసం నొక్కితే తర్వాతి పాటకి దూకుతుంది. వాల్యూమ్ పెంచబోతే ఒకసారి ఏమీ అవదు, ఇంకోసారి పాట వెనక్కి పోతుంది.

దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేవాళ్లకి ఈ బటన్ల విలువ చెప్పనక్కర్లేదు. మలుపు మీద మలుపు, ఎదురుగా బస్సు, వెనక సీట్లో నుంచి "కొంచెం సౌండ్ తగ్గించండి" అని మాట. చెయ్యి స్టీరింగ్ వదలకుండా, కళ్లు రోడ్డు వదలకుండా ఆ పని అయిపోవాలి. టచ్ స్క్రీన్ మీద వాల్యూమ్ ఎక్కడుందో వెతుక్కునే చోటు కాదది. అందుకే సెట్ మార్చేటప్పుడు "స్టీరింగ్ బటన్లు పోతాయి, ఏమీ చేయలేం" అని ఎవరైనా చెబితే నాకు బాధేస్తుంది. నూటికి తొంభై బండ్లలో అవి పోనక్కర్లేదు.

నా దగ్గరికి రాకముందే ఈ బండి ఇంకో రెండు చోట్లకి వెళ్లొచ్చింది. ఒకచోట స్టీరింగ్ లోపలి క్లాక్ స్ప్రింగ్ (స్టీరింగ్ ఎంత తిరిగినా దాని మీది వాటికి కనెక్షన్ తెగకుండా ఉంచే రిబ్బన్ వైరు చుట్ట) పోయింది, మార్చాలన్నారు. ఇంకోచోట బటన్ల ప్యాడ్ అరిగిపోయింది, కొత్తది తెప్పించాలన్నారు. ఈ రెండు చోట్లా ఎవరూ మల్టీమీటర్ బయటికి తీయలేదని ఓనరు చెప్పాడు. రెండూ వేలల్లో అయ్యే పనులు, పైగా రెండింటికీ ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్టీరింగ్‌ని విప్పాలి. అంత పని పెట్టుకునే ముందు అసలు తప్పు ఎక్కడుందో తెలియాలి కదా.

నేను ముందు డాష్‌బోర్డు విప్పలేదు, ఓనరుని కూర్చోబెట్టి అడిగాను.

"ఏ బటన్ ఎప్పుడూ కరెక్టుగా పనిచేస్తుంది?"

"తగ్గించే బటన్ అన్నా. అది ఎప్పుడు నొక్కినా తగ్గుతుంది. నెక్స్ట్ కూడా బానే ఉంటుంది. పెంచేది, వెనక్కి వెళ్లేది, ఈ రెండే."

"ఎప్పుడు ఎక్కువ వస్తుంది ఈ గొడవ? లైట్లు వేసినప్పుడా, ఏసీ వేసినప్పుడా?"

ఓనరు కాసేపు ఆలోచించి, "అలా గమనించలేదు గానీ, పాత పాటలు పెట్టుకుంటే ఏ గొడవా లేదన్నా. కుర్రాళ్లు ఎక్కి డీజే పాటలు పెట్టమంటారు చూడు, అప్పుడే" అన్నాడు.

ఈ రెండు సమాధానాల్లోనే సగం కేసు ఉంది. నాలుగు బటన్లలో ఖచ్చితంగా రెండే తప్పుతున్నాయి, అదీ సౌండ్ గట్టిగా ఉన్నప్పుడే తప్పుతున్నాయి. ప్యాడ్ అరిగిపోతే దానికి ఏ పాట వస్తోందో తెలియదు. క్లాక్ స్ప్రింగ్ తెగితే స్టీరింగ్ తిప్పినప్పుడు తేడా రావాలి, బేస్ కొట్టినప్పుడు కాదు. హారన్ మోగుతోంది, మీటర్ క్లస్టర్‌లో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగట్లేదు. ఈ రెండూ కూడా అదే క్లాక్ స్ప్రింగ్ గుండా పోతాయి కాబట్టి దాని మీద అనుమానం ఇంకా తగ్గింది.

ఇక్కడ ఈ బటన్లు ఎలా పనిచేస్తాయో కొంచెం వివరంగా చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. ఇన్నోవా లాంటి బండ్లలో బటన్‌కో వైరు ఉండదు. ప్యాడ్ లోపల ఒక్కో బటన్‌కి ఒక్కో విలువ ఉన్న రెసిస్టర్, అంటే కరెంటుని కొంత అడ్డుకునే చిన్న పార్టు, ఉంటుంది. బటన్ నొక్కితే ఆ రెసిస్టర్ ద్వారా సిగ్నల్ వైరు దాని ఎర్త్ వైరుకి (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి వెళ్లే వైరు) కలుస్తుంది. సెట్ లోపలి నుంచి ఒక చిన్న వోల్టేజీ ఇంకో రెసిస్టర్ గుండా ఆ వైరు మీదికి వస్తూ ఉంటుంది. ఎంత రెసిస్టెన్స్ కలిస్తే అంత మేరకు వోల్టేజీ పడిపోతుంది, సెట్ ఆ పడిపోయిన వోల్టేజీని చదివి ఏ బటనో గుర్తుపడుతుంది. టయోటాలో ఇలాంటి వైర్లు మూడు: ఎస్‌డబ్ల్యూ1, ఎస్‌డబ్ల్యూ2, వాటి ఎర్త్ ఎస్‌డబ్ల్యూజీ. నెక్స్ట్, ప్రీవియస్, వాల్యూమ్ రెండూ ఎస్‌డబ్ల్యూ1 మీద, మోడ్ ఎస్‌డబ్ల్యూ2 మీద.

టయోటా ప్యాడ్‌లో ఏ బటనూ నొక్కనప్పుడు ఎస్‌డబ్ల్యూ1కీ ఎస్‌డబ్ల్యూజీకీ మధ్య సుమారు 100 కిలో ఓమ్‌లు కనిపించాలి. నెక్స్ట్ నొక్కితే దాదాపు సున్నా, ప్రీవియస్‌కి సుమారు 330 ఓమ్‌లు, వాల్యూమ్ పెంచేదానికి సుమారు 1000, తగ్గించేదానికి సుమారు 3100. ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి, కేసంతా వీటి మీదే నడుస్తుంది. ముఖ్యంగా నెక్స్ట్‌కీ ప్రీవియస్‌కీ మధ్య ఉన్న తేడా ఎంత తక్కువో చూడండి.

బ్యాటరీ నెగటివ్ తీసి, కాసేపు ఆగి సెట్ చుట్టూ ఉన్న ఫ్రేమ్ విప్పాను. ఎయిర్‌బ్యాగ్ సిస్టమ్ జోలికి వెళ్లేముందు బ్యాటరీ తీశాక కనీసం 90 సెకన్లు ఆగాలని టయోటా చెబుతుంది. నేను స్టీరింగ్ విప్పట్లేదు, అయినా డాష్‌బోర్డులో చెయ్యి పెట్టే ప్రతిసారీ అదే పద్ధతి. ఇంకో మాట, పసుపు రంగు కప్లర్ (వైర్లని కలిపే ప్లగ్గు), పసుపు స్లీవ్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్ వైరింగ్. అందులో ఓమ్ మోడ్‌లో మీటర్ ఎప్పుడూ పెట్టకూడదు, మీటర్ పంపే కొద్దిపాటి కరెంటు కూడా అక్కడ పనికిరాదు. ఈ విషయంలో మొహమాటాలేవీ లేవు, నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకి మొదటి రోజే చెప్పే మాట ఇది.

సెట్ బయటికి లాగి చూస్తే సంగతి చాలావరకు కళ్లకే కనిపించింది. టయోటా కంపెనీ వైరింగ్‌లో పవర్‌కి, ముందు స్పీకర్లకి 10 పిన్నుల సాకెట్, వెనక స్పీకర్లకి 6 పిన్నుల సాకెట్ ఉంటాయి. బజారులో చవగ్గా దొరికే రెడీమేడ్ వైరింగ్ కిట్‌లో ఈ రెండే ఉంటాయి. స్టీరింగ్ వైర్లు వచ్చేది వేరే సాకెట్‌లో, ఆ కప్లర్ కిట్‌లో ఉండదు. స్టీరింగ్ బటన్లు పోయాయనే మాట చాలా బండ్లలో ఇక్కడే పుడుతుంది, ఎందుకంటే ఆ మూడో సాకెట్ డాష్‌బోర్డులో ఖాళీగా వేలాడుతూ ఉంటుంది. ఈ బండిలో వేసినాయన అలా వదిలేయలేదు, ఆ మేరకు ఆయన్ని మెచ్చుకోవాలి. కానీ కప్లర్ లేక ఎస్‌డబ్ల్యూ1, ఎస్‌డబ్ల్యూ2 వైర్లు కత్తిరించి, సెట్‌లో స్టీరింగ్ బటన్ల కోసం ఉండే కీ1, కీ2 వైర్లతో మెలిపెట్టి ఇన్సులేషన్ టేప్ చుట్టాడు. మన ఎండలకి డాష్‌బోర్డు లోపల ఆ నల్ల ప్లాస్టిక్ టేప్ జిగురు కరిగి జారిపోతుంది. రెండు అతుకులూ అప్పటికే సగం బయటపడి ఉన్నాయి.

ఎస్‌డబ్ల్యూజీని తీసుకెళ్లి స్టీరింగ్ కాలమ్ సపోర్టు బోల్టుకి బిగించాడు. సెట్ నల్ల వైరుని మాత్రం కంపెనీ ఎర్త్‌కి ఇవ్వకుండా, సెట్ వెనక ఉన్న పల్చటి రేకు బ్రాకెట్‌కి ఒక సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూతో పట్టించాడు. బ్రాకెట్ మీద పెయింట్ గీకలేదు. కిట్‌లో 10 పిన్నుల సాకెట్ ఎర్త్ పిన్ను లూజుగా ఉంది, బహుశా అందుకే ఈ దారి పట్టి ఉంటాడు.

కళ్లకి కనిపించింది కదా అని వెంటనే సరిచేసి పంపేస్తే అది అంచనా మీద చేసిన పని అవుతుంది. కొలిచాను.

మొదట సెట్ నుంచి కీ వైర్లు విడదీసి, బండి వైపు ఓమ్ మోడ్‌లో చూశాను. సెట్‌కి కలిపి ఉన్నప్పుడు, పవర్ ఉన్నప్పుడు ఓమ్‌లు కొలిస్తే వచ్చే అంకెకి అర్థం ఉండదు, అందుకే ముందు విడదీయాలి. ఏదీ నొక్కనప్పుడు 100 కిలో ఓమ్‌లకి కాస్త అటూ ఇటూ. నెక్స్ట్ సున్నాకి దగ్గర, ప్రీవియస్ 330కి దగ్గర, మిగతావి కూడా ఉండాల్సిన చోటే ఉన్నాయి. ఓనరుని వాల్యూమ్ బటన్ పట్టుకుని స్టీరింగ్‌ని ఈ చివరి నుంచి ఆ చివరికి నెమ్మదిగా తిప్పమన్నాను. అంకె కదల్లేదు. క్లాక్ స్ప్రింగ్‌లో రిబ్బన్ ఎక్కడైనా చిట్లి ఉంటే ఏదో ఒక కోణంలో అంకె ఎగిరిపడుతుంది లేదా ఓపెన్, అంటే కనెక్షన్ తెగిందని చూపిస్తుంది. అలా ఏమీ లేదు కాబట్టి ప్యాడ్ మంచిది, క్లాక్ స్ప్రింగ్ మంచిది. వేల రూపాయల ఖర్చు ఆ ఒక్క పరీక్షతో తప్పింది.

తర్వాత బ్యాటరీ కలిపి, సెట్ వైపు. కీ1 వైరు మీద ఏమీ కలపనప్పుడు 3.3 వోల్టులు ఉన్నాయి. లోపల ఉన్న రెసిస్టర్ విలువ తెలుసుకోవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. తెలిసిన విలువ ఉన్న రెసిస్టర్ ఒకటి కీ వైరుకీ సెట్ ఎర్త్‌కీ మధ్య పెట్టండి. వోల్టేజీ సరిగ్గా సగానికి పడితే లోపలిది కూడా అదే విలువ. 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెడితే 1.65 చూపించింది. అంటే లోపలిది 4.7 కిలో ఓమ్‌లు. అన్ని సెట్లలో ఇదే విలువ ఉండదు, ఈ సెట్‌లో ఇది.

ఇక లెక్క మామూలుదే. నెక్స్ట్ నొక్కితే సెట్‌కి కనిపించేది దాదాపు 0 వోల్టులు, ప్రీవియస్‌కి 0.22, పెంచేదానికి 0.58, తగ్గించేదానికి 1.31. అన్నీ మళ్లీ కలిపి, పాట లేకుండా ఒక్కో బటన్ నొక్కి మీటర్ చూస్తే ఈ అంకెలే, రెండో దశాంశంలో కొంచెం తేడాతో వచ్చాయి. బటన్లూ కరెక్టుగా పనిచేశాయి. బండి డెలివరీ ఇచ్చినప్పుడు సెట్ వేసిన షాపు వాళ్లకీ ఇలాగే పనిచేసి ఉంటాయి. ఎవరూ సౌండ్ గట్టిగా పెట్టి బటన్లు పరీక్షించరు కదా.

ఇప్పుడు బేస్ ఎక్కువున్న పాట పెట్టి వాల్యూమ్ బాగా పెంచాను. మీటర్ ఎర్ర ప్రోబ్ సెట్ నల్ల వైరు మీద, నల్ల ప్రోబ్‌కి పొడుగు వైరు తగిలించి బ్యాటరీ నెగటివ్ మీద పెట్టాను. రెండూ ఎర్తే కాబట్టి మధ్యలో దాదాపు ఏమీ ఉండకూడదు. పాట ఆపినప్పుడు 0.03 వోల్టులు. పాట మోగుతుంటే అంకె నిలవట్లేదు, మీటర్‌లో మిన్ మ్యాక్స్ బటన్ నొక్కి వదిలితే గరిష్టం 0.2 దాటింది. స్క్రూ దగ్గర చేత్తో పట్టుకుని చూస్తే వెచ్చగా కూడా ఉంది. సెట్ స్పీకర్లకి ఇచ్చే కరెంటంతా ఆ పెయింట్ మీద ఆనుకున్న స్క్రూ మొన గుండానే తిరిగి వెళ్లాలి. డ్రమ్ముకో దెబ్బ పడినప్పుడల్లా సెట్ తాలూకు ఎర్త్ బండి ఎర్త్ కంటే 0.2 వోల్టుల మేర పైకి లేస్తోంది.

0.2 వోల్టులంటే 12 వోల్టుల బండిలో లెక్కలోకి రాదనిపిస్తుంది. లైటు వెలగడానికి, సౌండ్ రావడానికి ఏ అడ్డూ లేదు. కానీ ఎస్‌డబ్ల్యూజీ ఎక్కడుంది? కాలమ్ బోల్టు మీద, గట్టి ఎర్త్ మీద, కదలకుండా ఉంది. సెట్ వోల్టేజీ చదివేది మాత్రం పైకీ కిందికీ ఊగుతున్న సొంత ఎర్త్ నుంచి. సెట్ 0.2 పైకి లేచినప్పుడు స్టీరింగ్ నుంచి వచ్చే ప్రతి అంకె దానికి తక్కువగా కనిపిస్తుంది. ప్రీవియస్ ఉండాల్సింది 0.22, అది 0.03కి పడిపోతుంది, అంటే సెట్ దృష్టిలో అది నెక్స్ట్. పెంచే బటన్ 0.58 నుంచి 0.41కి దిగుతుంది, ఇది ప్రీవియస్‌కీ పెంచేదానికీ సరిగ్గా నడిమధ్య పడుతుంది, అందుకే ఒకసారి ఏమీ అవదు, ఒకసారి పాట వెనక్కి పోతుంది. తగ్గించేది 1.31 నుంచి 1.19కి వస్తుంది, దాని దరిదాపుల్లో ఇంకో బటన్ లేదు కాబట్టి అది ఎప్పుడూ తప్పదు. నెక్స్ట్ ఎలాగూ సున్నా దగ్గరే ఉంది, అంతకంటే కిందికి పోతే కూడా సెట్ దాన్ని నెక్స్ట్‌గానే తీసుకుంటుంది. ఓనరు చెప్పిన ప్రతి ముక్కా అంకెలతో సరిపోయింది. డ్రైవరు చెప్పే మాట ఓపిగ్గా వినాలని నేను ఎందుకంటానో ఇలాంటి కేసుల్లో తెలుస్తుంది. వాళ్లకి వోల్టేజీ తెలియకపోవచ్చు గానీ రోజూ నడిపే బండి ఎప్పుడు ఎలా చేస్తుందో వాళ్లకి తెలిసినంత మనకి తెలియదు.

సరిచేయడం పెద్ద పనేం కాదు, కానీ తొందర పడకూడని పని. కిట్‌లో లూజు పిన్ను తీసేసి కొత్త టెర్మినల్ క్రింప్ చేసి, సెట్ నల్ల వైరుని 10 పిన్నుల సాకెట్‌లోని కంపెనీ ఎర్త్‌కే ఇచ్చాను. టయోటాలో అది మామూలుగా గోధుమరంగు వైరు. మామూలుగా అన్నాను, ఎందుకంటే రంగుని నమ్మి నేను ఏ వైరూ కలపను, బ్యాటరీ నెగటివ్‌తో కంటిన్యుటీ (తెగకుండా కనెక్షన్ ఉందా అని) మీటర్‌తో చూసిన తర్వాతే. రేకు బ్రాకెట్ స్క్రూ తీసేశాను.

కాలమ్ బోల్టు మీద నుంచి ఎస్‌డబ్ల్యూజీని విప్పాను. విప్పాక దానికీ బాడీకీ మధ్య కంటిన్యుటీ ఉందా అని చూశాను, లేదు. అంటే ఆ వైరు బండిలో ఇంకెక్కడా ఎర్త్ కాలేదు, సెట్ దగ్గరే ఎర్త్ కావాలని టయోటా వాళ్లు వదిలిన వైరు అది. కొన్ని ఆండ్రాయిడ్ సెట్లకి కీ గ్రౌండ్ అని విడిగా ఒక వైరు వస్తుంది, ఉంటే దానికే ఇవ్వాలి. ఈ సెట్‌కి అలాంటి వైరు లేదు కాబట్టి సెట్ కప్లర్‌కి అంగుళం దూరంలో, నల్ల వైరుతోనే కలిపాను. ఇలా చేస్తే రేపు ఎప్పుడైనా ఎర్త్ మళ్లీ బలహీనపడినా సెట్, బటన్లు రెండూ కలిసే పైకి లేస్తాయి, కలిసే దిగుతాయి, వాటి మధ్య తేడా మారదు. ఈ కేసులో అసలు మందు ఇదే. మంచి ఎర్త్ ఒక్కటే ఇచ్చి ఎస్‌డబ్ల్యూజీని బోల్టు మీదే వదిలేసినా ఇవాళ్టికి పనిచేసేది, ఎన్నాళ్లో చెప్పలేం.

కత్తిరించిన ఎస్‌డబ్ల్యూ వైర్లకి అవతలి కప్లర్ తెప్పిస్తానన్నాను, ఓనరు బండి అవసరం ఉందన్నాడు, అందుకని సోల్డర్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ వేసి, పైన క్లాత్ టేప్ చుట్టి, వైరింగ్ కట్టకి కట్టేశాను. అతుకు గాల్లో వేలాడుతూ ఉంటే గతుకుల రోడ్డు మీద సోల్డర్ అంచు దగ్గర వైరు తెగుతుంది, కట్టకి కట్టేస్తే ఆ బెడద ఉండదు. మొదటే కప్లర్‌తో వేసి ఉంటే కంపెనీ వైరు కత్తిరించే పనే ఉండేది కాదు. రేపు ఎప్పుడైనా కంపెనీ సెట్ తిరిగి పెట్టుకోవాలన్నా, బండి అమ్ముకోవాలన్నా వైరింగ్ ముట్టుకోని బండికి ఉన్న విలువ వేరు.

ఆ తర్వాత బటన్లు మళ్లీ నేర్పించాలి. పాత నేర్పుడు ఊగుతున్న ఎర్త్ మీద జరిగింది కాబట్టి అది చెరిపేయాలి. సెట్టింగ్స్‌లో స్టీరింగ్ అని ఉండే పేజీలో రీసెట్ నొక్కి, తెర మీద ఏ పని కావాలో దాన్ని ఎంచుకుని, స్టీరింగ్ మీద ఆ బటన్ పట్టుకుని ఉంచితే సెట్ పట్టేస్తుంది. కొన్ని సెట్లలో వరుస తిరగబడి ఉంటుంది, ముందు స్టీరింగ్ బటన్ పట్టుకుని తర్వాత తెర మీద ముట్టుకోవాలి. చివర్లో సేవ్ నొక్కకపోతే మొత్తం పోతుంది. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, లైట్లు, ఏసీ వేసి నేర్పించడం నా అలవాటు, బండి రోజూ నడిచే పరిస్థితిలో వచ్చే అంకెలనే సెట్ గుర్తుపెట్టుకోవాలి. మోడ్ బటన్‌ని ఎక్కువసేపు నొక్కితే మ్యూట్ అయ్యేలా పెట్టమని ఓనరు అడిగాడు, ఈ సెట్‌లో లాంగ్ ప్రెస్ విడిగా నేర్పించే వీలుంది కాబట్టి పెట్టాను. టోల్ గేటు దగ్గర అద్దం దించినప్పుడు బాగా పనికొస్తుందట.

ఫ్రేమ్ బిగించే ముందే పరీక్ష. అదే పాట, అదే వాల్యూమ్. ఎర్త్ మీద ఇప్పుడు గరిష్టం 0.04 వోల్టులు. ప్రీవియస్ నొక్కి పట్టుకుంటే బేస్ దంచుతున్నా కీ1 మీద అంకె 0.22 దగ్గరే నిలబడింది. స్టీరింగ్ రెండు చివరలకీ తిప్పుతూ, వైపర్లు, హెడ్‌లైట్లు, బ్లోయర్ అన్నీ వేసి నాలుగు బటన్లూ నొక్కించాను. ఆపై బండి ఆపేసి, లాక్ చేసి, సెట్ నిద్రలోకి వెళ్లాక, దానికి ఎప్పుడూ బ్యాటరీ కరెంటు ఇచ్చే పసుపు వైరు మీద లాగే కరెంటు కూడా చూశాను. చాలా ఆండ్రాయిడ్ సెట్లు నిద్రలో కూడా కొంచెం లాగుతూనే ఉంటాయి, పసుపు, ఎర్ర వైర్లు రెండూ కలిపి బ్యాటరీ డైరెక్ట్ ఇచ్చిన బండ్లలో ఇది ఇంకా ఎక్కువ, రెండు రోజులు కదపకపోతే స్టార్ట్ అవదు. ఈ బండిలో ఎర్ర వైరు ఇగ్నిషన్‌కే, అంటే తాళం తిప్పితేనే కరెంటు వచ్చే లైనుకే ఉంది, ఆ ఇబ్బంది లేదు.

ఇదంతా రెసిస్టర్ మీద నడిచే బండ్ల సంగతి. హ్యుందాయ్‌లో చాలా మోడళ్లు కూడా ఇదే తరహా, ఒక సిగ్నల్ వైరు, దాని ఎర్త్. అంకెలు వేరు, పద్ధతి ఒకటే. ఆండ్రాయిడ్ సెట్లు వీటితో నేరుగా కలిసిపోతాయి, మధ్యలో ఏ అడాప్టర్ డబ్బా అక్కర్లేదు. పెద్ద బ్రాండు సెట్లు అలా కాదు. పయనీర్, సోనీ సెట్లలో చాలావాటికి వెనక 3.5 మిల్లీమీటర్ల జాక్ ఉంటుంది, అవి ఎక్కువగా తమకి తెలిసిన రెసిస్టెన్స్ విలువలే గుర్తుపడతాయి, టయోటా ప్యాడ్ ఇచ్చే అంకెలు వాటికి అర్థం కావు. కెన్‌వుడ్, జేవీసీలో ఒక నీలం-పసుపు వైరు ఉంటుంది, దాని మీద పోయేది పల్స్‌ల రూపంలో ఉండే డేటా, కాబట్టి స్టీరింగ్ వైరుని నేరుగా దానికి కలిపితే ఏమీ జరగదు. ఇలాంటి సెట్ల కోసమే అక్సెస్ కంపెనీ ఏఎస్‌డబ్ల్యూసీ-1 లాంటి అడాప్టర్లు ఉన్నాయి, బండి వైపు భాష ఒకటి చదివి సెట్ వైపు ఇంకొకటి పంపుతాయి. సెట్ కొనేటప్పుడే ఆ అడాప్టర్ ధర కూడా కలిపి లెక్కేసుకోండి, లేకపోతే సెట్ ఇంటికొచ్చాక బడ్జెట్ తేలదు.

వోక్స్‌వ్యాగన్ పోలో లాంటివి ఇంకో దారి. అక్కడ బటన్ నొక్కినది స్టీరింగ్ లోపలే డేటాగా మారి కాలమ్ మాడ్యూల్‌కి, అక్కడి నుంచి కాన్ బస్ (బండిలోని కంప్యూటర్లు ఒకదానికొకటి డేటా పంపుకునే వైర్ల జత) మీద సెట్‌కి వస్తుంది. సెట్ సాకెట్ దగ్గర రెసిస్టెన్స్ కొలవడానికి ఏ వైరూ దొరకదు. ఇగ్నిషన్ ఆన్ అయిందన్న కబురు కూడా కాన్ మీదే వస్తుంది, ఎర్ర వైరుకి ఇవ్వడానికి విడిగా లైను ఉండదు. తెలియక ఎర్ర వైరుని పసుపుతో కలిపేస్తే బ్యాటరీ దిగిపోతుంది. వీటికి కాన్ డీకోడర్ డబ్బా తప్పనిసరి. ఆండ్రాయిడ్ సెట్ అయితే ఫ్యాక్టరీ సెట్టింగ్స్‌లో ఆ డబ్బా ఏ కంపెనీదో, బండి ఏ మోడలో కూడా ఎంచుకోవాలి. డబ్బా పెట్టి ఈ ఎంపిక వదిలేసిన పోలోలు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. వైర్లు అన్నీ కరెక్టుగా ఉంటాయి, బటన్లు మాత్రం పలకవు, మెనూలో ఆ ఒక్క లైను మార్చగానే అన్నీ పనిచేస్తాయి.